సముద్రం మీద సుద్దగీత

(పడమటికి సముద్రం దాటుతున్న విమానం. ఒకే వరుసలో మూడు సీట్లు. కిటికీ దగ్గర భార్య, మధ్యలో భర్త, నడవ పక్కన కొత్త మనిషి. ఎక్కి పది గంటలయింది.)

"...మోకాళ్ళు నావి కావే ఇవి. ఎవరివో తెచ్చి నాకు తగిలించినట్టున్నాయి."

"లేచి కాసేపు నడవండి మరి."

"ఎక్కడ నడవను? ఆ సందులోనా? ఇటు తిండి బండి, అటు బాత్రూం లైను. మన కొట్టే నయం, రెండు మిషన్ల మధ్య ఒక మనిషి పట్టేవాడు. ఈ సీటు కొలిచినోడికి టేపు పట్టుకోవడం వచ్చా అని నా అనుమానం. నడుము కొలిచి తొడలు మర్చిపోయాడు వెధవ."

"మీ అంత మాస్టరు అందరికీ దొరుకుతాడా?"

"వెటకారమా?"

"వెటకారం నేనెందుకు చేస్తానండీ. నిద్రొస్తోంది నాకు."

"ఎక్కిన దగ్గర్నుంచీ నిద్రేనా? ఎనిమిది రోజులు ఓడ మీద దీవులన్నీ తిప్పుతానని తీసుకొస్తే..."

"ఓడెక్కాక కూడా నిద్రే. ముందే చెప్తున్నా. దీవులు మీరు చూసి ఎలా ఉన్నాయో చెప్పండి. మిషను చప్పుడు లేని చోట ఒక్కసారి పడుకోవాలి నాకు. అంతే."

"మరి ఇరవై ఎనిమిదేళ్ళు ఆ క్యాలెండర్ బొమ్మ ఎందుకు చూశావే? తెల్ల ఓడ, పచ్చ దీవి. తేదీలు చింపేసినా బొమ్మ మాత్రం తియ్యనివ్వలేదు నువ్వు. మిషనుకి ఎదురుగా మేకు కొట్టించుకున్నావు."

"కళ్ళు లాగినప్పుడల్లా దూరంగా చూడమన్నాడు కళ్ళ డాక్టరు. మన కొట్లో దూరం ఎక్కడుంది? ఉన్న దూరమల్లా ఆ బొమ్మే."

"అంటే ఇష్టమై కాదా?"

"ఇష్టం కూడా. కాదన్నానా?"

"చూశావా తమ్ముడూ, ఇదీ వరస! నిన్నే. మన భాషేగా నీది? ఇందాక ఎక్కేటప్పుడు ఫోన్లో మాట్లాడుతుంటే విన్నా."

"అవునన్నా. మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరడమెందుకని ఊరుకున్నా."

"మేం మాట్లాడుకోవట్లేదయ్యా, కీచులాడుకుంటున్నాం. అందులో ఎవరైనా దూరొచ్చు. ఎక్కడిదాకా నువ్వు?"

"మీరెక్కడికో నేనూ అక్కడికే అన్నా. ఓడ మీద పని నాది. లాండ్రీలో. ఇస్త్రీ. సెలవైపోయింది, మళ్ళీ పోయి ఎక్కాలి."

"ఇస్త్రీయా! అయితే మనం మనం ఒకటే. నాది కత్తెర. కటింగ్ మాస్టర్ని. మొన్నటిదాకా. ఏడో క్లాసులో బడి మానేసి పట్టుకున్న కత్తెర. నేను కత్తిరిస్తా, మీ వదిన కుడుతుంది. ముప్ఫై ఏళ్ళు తమ్ముడూ. ఒక్క బట్ట తిరిగి రాలేదు. పొట్టయిందనో బిగుతయిందనో ఒక్క మనిషి మా కొట్టు మెట్లెక్కలేదు."

"ఒక్కటి కూడానా? గొప్పే అన్నా."

"నా మాట కాదు, ఆవిణ్ణి అడుగు. పక్కనే ఉందిగా."

"రాలేదు తమ్ముడూ. ఒక్కటీ తిరిగి రాలేదు."

"విన్నావా? డిగ్రీలు చదివినోళ్ళు రోజుకి పది తప్పులు చేస్తారు. సంతకం పెట్టి మరీ చేస్తారు. నాది కత్తెర. తప్పు చేస్తే గుడ్డ మళ్ళీ అతుక్కోదు. అందుకని చెయ్యను."

"మరి కొట్టేమైందన్నా?"

"ఏముంది, బిల్డింగే పడగొట్టేశారు. అయినా ఎవడు కుట్టించుకుంటున్నాడు ఇప్పుడు? పోయి హ్యాంగరు మీద వేలాడేది తొడుక్కుంటున్నారు. చేతులు మోకాళ్ళదాకా వేలాడినా వాళ్ళకి ఫ్యాషనే. పాత సామాన్లవాడు వచ్చి మిషన్లు రెండూ పట్టుకుపోయాడు. ఖాళీ చెయ్యమన్నప్పుడే అనుకున్నా, పోనీ ఈవిణ్ణి ఆ బొమ్మలోకి తీసుకెళ్దామని."

"మంచి పని చేశారన్నా."

"అంతా నేనే చేశా. అల్లుడు ఫోన్లో నొక్కి చేసి పెడతా మావయ్యా అన్నాడు. వద్దన్నా. వాడు చేస్తే వాడు చేశాడంటారు. నేనే ఆఫీసుకెళ్ళి, నేనే తేదీలు చెప్పి, నేనే తీసుకున్నా. ఓడకి వేరే చోట, విమానానికి వేరే చోట. మళ్ళీ ఆ విమానం టికెట్ల పిల్ల ఒకత్తి ఫోన్ చేసింది. 'సార్, తేదీలు ఇంకొక్కసారి చూసుకోండి సార్' అని! నాకా చెప్పేది? నువ్వు పుట్టకముందు నుంచీ కొలతలు తీస్తున్నానమ్మా, క్యాలెండరు మీద వేలు పెట్టి మరీ చూసుకున్నా, నాకు నేర్పకు, పెట్టెయ్ ఫోన్ అన్నా. పెట్టేసింది."

"ఏడ్చింది పాపం ఆ పిల్ల."

"ఏడ్చిందని నీకెలా తెలుసు?"

"ఏడ్చి ఉంటుందంటున్నా. మీ గొంతు నాకు తెలీదా. జరగండి, నేను బాత్రూంకి పోవాలి."

"ఇందాకేగా వెళ్ళావు?"

"కాళ్ళు పట్టేశాయి. లైన్లో నిలబడితే కాళ్ళూ సాగుతాయి. తమ్ముడూ, కొంచెం."

"రండి వదినా, రండి."

"...పోయింది. ఇక అరగంట రాదు. కాఫీ తాగుతావా? ఆ తిండి బండి అమ్మాయిని పిలువు, నేను పిలిస్తే పలకట్లేదు."

"ఏమండీ, రెండు కాఫీ. ఇదిగో తీసుకోండన్నా. ఇంతకీ ఏ ఓడ మీది?"

"తెల్లది. పెద్దది. రేపు శనివారం సాయంత్రం అయిదింటికి కదుల్తుంది."

"రేపు శనివారమా?"

"మరి ఎల్లుండి శనివారమా? ఇవాళ శుక్రవారం. అందుకేగా ఒక రోజు ముందే బయల్దేరింది. ఇవాళ దిగుతాం. గదికెళ్ళి స్నానం చేసి కునుకు తీసి, రేపు తీరిగ్గా పోయి ఎక్కుతాం. నేనేదైనా ఒక రోజు మిగుల్చుకుని చేస్తా. గుడ్డలో ఒక వేలు మిగుల్చుకున్నట్టు."

"అన్నా..."

"ఏంటి?"

"వచ్చే శనివారం కాదు కదా మీది?"

"ఈ శనివారమే. కాయితం ఇదిగో, కోటు జేబులోనే ఉంది. ఈ జేబు కూడా దీనికోసమే పెట్టించా."

"అన్నా, మనం దిగేదే శనివారం. సాయంత్రం ఏడింటికి."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేంటన్నా. నేను ఈ దారిన పోవడం ఇది తొమ్మిదోసారి."

"తొమ్మిదిసార్లు పోయినా లెక్క లెక్కే కదయ్యా. శుక్రవారం మధ్యాహ్నం ఎక్కాం. ప్రయాణం పదకొండు గంటలు. వేళ్ళ మీద లెక్కపెట్టు. ఎలా లెక్కపెట్టినా శుక్రవారం దాటదు."

"మన ఊరి లెక్కలో దాటదన్నా. మధ్యలో గీతుంది."

"ఏ గీత?"

"సముద్రం మీద. కంటికి కనపడదు. అది దాటితే తేదీ మారిపోతుంది. మనలా పడమటికి దాటితే ఒక రోజు పోతుంది."

"ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదు. ఉండదంతే."

"రోజు ఉండకపోవడమేంటయ్యా! గుడ్డా అది, కత్తిరించి పారెయ్యడానికి? గుడ్డైనా ముక్క మిగుల్తుంది కదా. ఆ ముక్కేదీ?"

"తిరిగొచ్చేప్పుడు ఇస్తారన్నా. అప్పుడు ఒకే రోజు రెండుసార్లు వస్తుంది."

"నాకు తిరిగొచ్చేప్పుడెందుకు, ఇప్పుడు కావాలి! అసలు ఎవడు గీశాడా గీత?"

"నాకేం తెలుసన్నా. నేను లాండ్రీ."

"నువ్వు పొరబడ్డావు. నీ ఓడ వేరు, నీ లెక్క వేరు."

"పోనీ మీ ముందున్న టీవీలో చూడండి. కింద రాస్తున్నాడు. దిగే టైము. శనివారం, ఏడూ అయిదు."

"ఇది... ఇది ఇప్పుడేశారా?"

"ఎక్కినప్పట్నుంచీ ఉందన్నా."

"నేను చూడనేలేదే. సినిమా బొమ్మలొస్తాయేమో అని కట్టేసి కూచున్నా. ఇప్పుడే నువ్వు చెయ్యి తగిలించావు, వెలిగింది."

"కిటికీలోంచి చూడండి. ఎక్కినప్పుడున్న ఎండ ఇంకా అట్లాగే ఉంది. మనం పొద్దు వెనకాలే పోతున్నాం."

"ఓడ... రెండు గంటలేగా తేడా. ఫోన్ చేసి చెప్తే ఆగదా?"

"కెప్టెన్ అత్తగారొచ్చినా ఆగదన్నా. పోయినేడు మా వంటవాడే కూరగాయల సంచీ పట్టుకుని రేవులో మిగిలిపోయాడు. ఓడ మీద నుంచి మేమంతా చెయ్యూపాం, ఏం చేస్తాం?"

"నీ ఓడ?"

"నాది వేరే అన్నా. సోమవారం కదుల్తుంది. మీరు బుక్ చేసినప్పుడు ఎవరూ చెప్పలేదా?"

"చెప్పబోయింది. ఆ పిల్ల. 'తేదీలు ఇంకొక్కసారి' అంది. నేను..."

"పోనీండన్నా. నీళ్ళు తాగుతారా?"

"తమ్ముడూ, ఆవిడకి చెప్పకు."

"నేనెందుకు చెప్తానన్నా."

"ఇరవై ఎనిమిదేళ్ళు గోడ మీద బొమ్మ చూసింది. ఇప్పుడు దిగి, రేవులోకి పోయి, ఏం చూపించను? ఖాళీ సముద్రమా? నా ముఖమా? అల్లుడికి తెలిస్తే... మావయ్యా నేను చేస్తానన్నానుగా అంటాడు. అనడు. నవ్వుతాడు. అంతకంటే అనడమే నయం."

"అన్నా, కప్పు వంగింది, కప్పు! అయ్యో..."

"ఛీ! కప్పు పెట్టేంత చోటు కూడా లేదు ఈ సీటుకి."

"కాలలేదుగా? కోటు విప్పండి, విప్పండి. ఇటివ్వండి. మరక ఎండితే పోదు. పైన రుద్దకూడదు, తిరగేసి లోపల్నుంచి అద్దాలి. మా పనే ఇది. కాయితం కూడా తడిసింది."

"కాయితం పోతే పోయింది. ఇక దానితో పనేముంది."

"మంచి గుడ్డన్నా. కుట్టు కూడా... అబ్బ, ఈ అతుకు ఎవరు వేశారన్నా?"

"అతుకేంటి?"

"ఇదిగో, చంక కింద. అరచెయ్యంత ముక్క. రోజుకి వెయ్యి బట్టలు తిప్పి చూస్తా నేను, ఇంత శుభ్రంగా వేసిన అతుకు చూళ్ళేదు. పోగుకి పోగు కలిపారు. పైనుంచి చూస్తే దేవుడికి కూడా తెలీదు."

"నా బట్టలో అతుకుండదు."

"ఉందన్నా. చూడండి."

"అది... డిజైనేమో."

"చంక లోపల డిజైనా?"

"నేను కత్తిరించడం వరకే. తర్వాత ఏం చేస్తారో కుట్టేవాళ్ళ ఇష్టం."

"మరి కుట్టేది వదినేగా అన్నారు?"

"ఇటివ్వు కోటు. వస్తోంది అదిగో."

"నేనలా వెనక్కి పోతా. మా ఓడవాడు ఒకడున్నాడు. మీరిద్దరూ మాట్లాడుకోండి. రండి వదినా, కూచోండి."

"నువ్వెక్కడికి తమ్ముడూ? కూచో. ...పోయాడే! అమ్మయ్య, ఎంత లైనండీ. ఒకావిడ లోపలికెళ్ళి కాపరం పెట్టింది. ఏంటి, ముఖం అలా ఉంది?"

"ఎలా ఉంది?"

"కత్తెర పోగొట్టుకున్నట్టుంది."

"కాఫీ ఒలికింది."

"కోటు మీదేనా? లోపలికి దిగిందా?"

"దిగింది. ఆ తమ్ముడే తుడిచాడు. తిరగేసి తుడిచాడు."

"తిరగేసా?"

"ఊఁ. ఏమే, ఓడంటే... నిద్రకే కదా అన్నావు. నిద్ర ఎక్కడైనా నిద్రే కదా?"

"ఎక్కడైనా అంటే?"

"ఉదాహరణకి చెప్తున్నా. ఓడ లేదనుకో."

"లేకపోవడమేంటి? మునిగిందా?"

"మునగలేదు. ఉంది. మనకి లేదు."

"కొంచెం అర్థమయ్యేట్టు చెప్తారా?"

"సముద్రం మీద ఒక గీతుందట."

"ఉంటే?"

"ఉంటే ఏంటి! ఎవడో సుద్దముక్క పట్టుకుని ఇష్టమొచ్చినట్టు గీసి పారేశాడు. మనల్ని అడిగాడా? కొలత తీశాడా? బతికున్న మనుషుల రోజు ఒకటి కోసేసి ఏమీ ఎరగనట్టు కూచుంటే..."

"గీసినవాడి మీద మీకెందుకండీ కోపం, ఇక్కడ లేడుగా."

"మరి ఆ టికెట్ల పిల్ల? సరిగ్గా చెప్పాలా వద్దా? 'తేదీలు చూసుకోండి' అంటే మనిషికేం తెలుస్తుంది? గీతుంది సార్ అని చెప్పాలి."

"చెప్పనిచ్చారా?"

"చెప్తే వినేవాణ్ణే."

"చెప్పనిచ్చారా అంటున్నా."

"...లేదు."

"ఆఁ. ఇప్పుడు చెప్పండి."

"ఇప్పుడు ఇంకేముంది చెప్పడానికి. మనం దిగేది రేపు సాయంత్రం ఏడింటికి. అంటే మన ఇవాళే, అక్కడ రేపు. ఓడ అయిదింటికి పోతుంది. అయిపోయింది. బొమ్మా లేదు, గోడా లేదు. తప్పు జరిగింది."

"జరిగిందా? దానంతటదే?"

"అలా గుచ్చకే. నీకు దణ్ణం పెడతా."

"గుచ్చడం నా పనేగా. సూది పట్టిన చెయ్యి."

"నాదే తప్పు. చాలా? క్యాలెండరు మీద వేలు పెట్టి చూశా గానీ ఆ గీత సంగతి నాకు తెలీదు. తెలిసినోళ్ళు చెప్పబోతే తిట్టా. తప్పు నాదే."

"ఇంకొక్కసారి అనండి."

"ఎందుకు, బోర్డు రాయించి కొట్టు ముందు కడతావా? ఇప్పుడు కొట్టు కూడా లేదు."

"వినాలనుంది. ముప్ఫై ఏళ్ళలో ఇదే మొదటిసారి."

"తప్పు నాది."

"సరే. ఆ నా చేతిసంచీ ఇటు... కాదు, మీరే తియ్యండి. లోపల లైనింగు దగ్గర చిన్న జిప్పుంది. నేనే పెట్టుకున్నా. అందులో కాయితం ఉంది, తియ్యండి. చదవండి."

"కళ్ళజోడేదీ... ఓడ పేరు వేరేలా ఉంది. సోమ... సోమవారమా?"

"సోమవారం మధ్యాహ్నం మూడింటికి. అదీ తెల్లదేలెండి."

"ఆ తమ్ముడెక్కేదీ సోమవారం ఓడే. ఇదెప్పుడు మార్చావు?"

"ఆ పిల్లని మీరు తిట్టిన మర్నాడు. మీరు టీకి పోయినప్పుడు కొట్టుకి ఫోన్ చేసింది. ఏడుస్తూనే చెప్పింది. 'అమ్మా, సార్‌కి చెప్పొద్దు, మీరు చూసుకోండి' అంది. ఓడవాళ్ళతో కూడా అదే మాట్లాడి మార్పించింది. మధ్యలో రెండు రోజులకి గది కూడా చూసి పెట్టింది. దానికి నేనొక జాకెట్టు కుట్టిచ్చాను. కొట్లో నేను కుట్టిన ఆఖరి బట్ట అదే."

"ఎర్ర పువ్వులదా? అదెవరిదని అడిగితే చుట్టాలమ్మాయిదన్నావు."

"అన్నాను."

"నీకన్నీ తెలుసు. తెలిసీ పది గంటలు పక్కన కూచున్నావు. గీతంటే ఏ గీత అన్నట్టు ముఖం పెట్టావు. ఇంట్లో ఒక్క మాట చెప్పలేకపోయావా? నేనేమన్నా పులినా?"

"ఒకసారి చెప్పాను. మర్చిపోయారు మీరు."

"ఎప్పుడు?"

"పెళ్ళైన కొత్తలో. బ్యాంకు మేనేజరు చొక్కా. గళ్ళది. కుడి చెయ్యి అంగుళం పొట్టిగా కత్తిరించారండీ అన్నాను. అంతే అన్నాను. తొమ్మిది రోజులు కొట్టు తీశారా మీరు? గోడ వైపు తిరిగి పడుకున్నారు. చదువు లేనోణ్ణని అందరూ నాకు నేర్పేవాళ్ళే, చివరికి పెళ్ళాం కూడా అన్నారు. కంచం పెడితే కంచం అలాగే ఉండేది. మీకేమైనా అవుతుందేమో అని నాకు భయం. పదోరోజు నేనే వచ్చి చెప్పాను, నేనే టేపు తిరగేసి పట్టుకున్నానండీ, మీ కటింగ్ సరిగ్గానే ఉంది అని. లేచారు. అన్నం తిన్నారు. నాకు టేపు పట్టుకోవడం నేర్పించారు కూడా, గంటసేపు."

"...అది గుర్తుంది. నేర్పించడం."

"అదే గుర్తుంటుంది మీకు."

"మరి ఆ చొక్కా?"

"మీరు గోడ వైపు తిరిగి పడుకున్నారుగా. ఈలోపల సరిచేశా. బెల్టు పెట్టుకోండి. దిగుతున్నట్టుంది, చెవులు మూసుకుపోతున్నాయి."

"ఈ కోటు చంకలో ముక్కుంది."

"చూశారా."

"నేను చూళ్ళేదు. ఇస్త్రీవాడు చూశాడు. అంత బాగా వేసిన అతుకు చూళ్ళేదన్నాడు."

"బాగా వేస్తాను. అలవాటు."

"నాది. నా ఒంటికి నేనే కొలిచి కత్తిరించుకున్న కోటు."

"కిందికి చూడండి. నీళ్ళ మధ్యలో పచ్చగా, అదేనేమో దీవి. బొమ్మలో ఇంకా పెద్దగా ఉండేది."

"మాట మార్చకు. ఇదొక్కటేనా?"

"నిద్రొస్తోందండీ నాకు. మీరు ఇంటికి పోయాక కొట్లో కూచుని అతుకులు వేసేదాన్ని. కళ్ళు ఊరికే పోలేదు."

"నేనడిగేది చెప్పు. ఇదొక్కటేనా, ఇంకేమైనా ఉన్నాయా?"

"ముప్ఫై ఏళ్ళలో ఒక్క బట్ట తిరిగి రాలేదని చెప్తుంటారుగా అందరికీ. రాలేదండీ. నేను రానివ్వలేదు."